హస్తవాసి ఉన్న కెమెరా

ముప్పై రెండేళ్లకే రిటైరయ్యానంటే ఎవరూ నమ్మరు. నిజానికి నేను పని మానలేదు, పనే నన్ను మానేసింది. బందరులో జలీల్ గారి కొట్లో చేరి పాత ఫిల్ము కెమెరాలు కొనడం, బాగుచేయడం, అమ్మడం నేర్చుకున్నాను. డిజిటల్ కెమెరాలు రావడంతో జనం పాతవి తెచ్చి మా బల్ల మీద పెట్టడం మొదలుపెట్టారు. మొదట్లో అది మాకు పండగలా ఉండేది. తర్వాత అమ్మేవాళ్లే మిగిలారు, కొనేవాళ్లు లేరు. జలీల్ గారు కొట్టు మూసి అల్లుడి దగ్గరికి వెళ్లిపోయారు. నేను వేరే ఉద్యోగం చూసుకున్నాను.

మా పాలిటెక్నిక్‌లో నా తర్వాత చదివిన ఇద్దరు ఇప్పుడు పాత సెల్‌ఫోన్లు కొని అమ్మే కొట్టు పెడుతున్నారు. వాడిన వస్తువు చేతికి రాగానే ఏం చూడాలో రాసి పెట్టమని అడిగారు. ఇది వాళ్ల కోసం. లాభాల లెక్కలు, లైసెన్సుల గొడవ రాయడం లేదు, అవి ఎవరైనా చెబుతారు. నాకు పని నేర్పిన సంగతులు నాలుగు మాత్రం రాస్తాను. అందులో ఒకటి మిగతా వాటికంటే పెద్దది.

జలీల్ గారు

నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పట్టుకుని కొట్లో అడుగుపెట్టిన రోజు ఆయన నా సర్టిఫికెట్టు చూడలేదు. ఒక కెమెరా చేతికిచ్చి, దీనికి ఏం జబ్బో చెప్పమన్నారు. నేను వెంటనే స్క్రూడ్రైవర్ అందుకున్నాను. ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టి, "ముందు తెచ్చినాయన్ని అడగవయ్యా ఇంజినీరూ. ఆయన బల్ల అవతలే ఉన్నాడుగా" అన్నారు.

అప్పటి నుంచి నన్ను ఇంజినీరూ అనే పిలిచేవారు. అది గౌరవమో ఎగతాళో కొట్టు మూసేదాకా తేలలేదు. ఆయనకు సర్క్యూట్లు తెలియవు. లెన్సు విప్పితే మళ్లీ బిగించడానికి నేను కావాలి. అమ్మేవాడితో మాట్లాడటం మాత్రం నాకు రాదు, ఆయన కావాలి. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మెకానిక్ అయ్యేవాళ్లం. యజమానిగా ఆయనకు రెండు లోపాలున్నాయి. ఎవరైనా కన్నీళ్లు పెట్టుకుంటే పాడైన కెమెరా అయినా కొనేసేవారు. మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు కొనుగోలుదారు వస్తే లేపనిచ్చేవారు కాదు. ఈ రెండింటి వల్లా మేం నష్టపోయాం, కానీ ఆయన దగ్గర కాక ఇంకొకరి దగ్గర పనిచేసి ఉంటే బాగుండేదని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

బియ్యం డబ్బా

మన ప్రాంతంలో కెమెరాకు మొదటి శత్రువు దొంగ కాదు, చెమ్మ. సముద్రపు గాలి, చుట్టూ వరి పొలాలు, కాలవలు. తోలు కవరులో పెట్టి బీరువాలో దాస్తే ఒక్క వానాకాలంలో లెన్సు లోపల సాలెగూడులా బూజు పడుతుంది. అది తెలిసినవాళ్లు కెమెరాను బియ్యం డబ్బాలో పెట్టేవారు. బియ్యం చెమ్మ పీలుస్తుందన్నది నిజమే. కాని బియ్యానికి తవుడు ఉంటుంది, తవుడుకు పురుగు ఉంటుంది. ఘంటసాల నుంచి ఒక రైతు తెచ్చిన కెమెరా వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూస్తే ఎదురుగా ముక్కుపురుగు నడుచుకుంటూ పోయింది. అది కొట్లోనే ఉందనుకుని నేను కెమెరా దించి బల్లంతా వెతికాను.

అందుకే నా పద్ధతి ఇలా ఉండేది. మొదట కెమెరాను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడాలి. బూజు వాసన, తవుడు వాసన, కలరా ఉండల వాసన మూడూ వేరు. అది ఏ ఇంట్లో ఎక్కడ పెరిగిందో వాసనే చెబుతుంది. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని షట్టర్ నొక్కాలి. ఆ తర్వాతే లెన్సులోంచి ట్యూబ్‌లైటు వైపు చూడాలి. వెనక మూత తెరవడం అన్నిటికన్నా ఆఖరు. లోపల రీలు ఉందో లేదో రివైండు పిడి తిప్పి చూడకుండా మూత తెరిస్తే ఎవరి పెళ్లో, ఎవరి బారసాలో వెలుతురు పాలవుతుంది. ఫోన్లు కొనే తమ్ముళ్లూ, మీకు రీళ్లు లేవు గాని ఫోటోలున్నాయి. చెరిపేముందు అడగండి.

షట్టర్ వేగం కొలిచే యంత్రం మాకు లేదు. కొట్లో పాత టీవీ ఉండేది. కెమెరా వెనక మూత తెరిచి, లెన్సును టీవీ వైపు తిప్పి, షట్టర్ నొక్కుతూ వెనక నుంచి చూస్తే తెర మీద వెలుగు పట్టీ కనిపిస్తుంది. వేగం పెరిగేకొద్దీ పట్టీ సన్నబడాలి. సన్నబడకపోతే షట్టర్ బద్ధకిస్తోందన్నమాట. నేను డైలీ సీరియల్ వైపు కెమెరా పెట్టి కూర్చుంటే వచ్చినవాళ్లు సీరియల్‌కు ఫోటోలు తీస్తున్నాననుకునేవారు. జలీల్ గారు వాళ్లకు అసలు సంగతి చెప్పేవారు కాదు.

గుడివాడలో కొన్నది

ఇప్పుడు పెద్ద సంగతి. గుడివాడలో కృష్ణమూర్తి గారని ఒక స్టూడియో ఆయన ఉండేవారు. అరవై దాటిన మనిషి. పెళ్లి సంబంధాలకు పంపే ఫోటోలు తీయడంలో ఆయనకు మంచి పేరు. స్టూడియోలో లైట్ల కింద తీసేవారు కాదు, వెనక పెరట్లో వసారా నీడలో పగటి వెలుతురుతో తీసేవారు. ఆయన తీస్తే ఏ మొహమైనా కళగా వస్తుందని చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవారు. డాక్టరు గారికి ఉన్నట్టు ఈయనకు హస్తవాసి ఉందనేవారు. ఆ హస్తవాసి ఆయన కెమెరాలో ఉందని కూడా అనేవారు. అది ముప్పై అయిదు ఎమ్మెమ్ జపాను కెమెరా. లెన్సు ఊడదు. వెలుతురును తనే కొలుచుకుని షట్టర్ వేగం తనే పెట్టుకుంటుంది.

ఆయన కొడుకు పట్టుబట్టి డిజిటల్ కొన్నాడు. కృష్ణమూర్తి గారు పాతది అమ్ముతానని కబురు పెట్టారు. నేను బందరు నుంచి పాసింజరు బండిలో వెళ్లాను. వాసన బాగుంది, చప్పుడు బాగుంది, లెన్సు తేటగా ఉంది. కెమెరా ఒళ్లంతా పసుపు, కుంకుమ. అందులో వింతేమీ లేదు. దసరాకు ఆయుధపూజ చేయని కెమెరా మా చేతికి ఎప్పుడూ రాలేదు. ఈయన ప్రతి శుక్రవారం కూడా బొట్టు పెట్టేవారట.

కవరులో పెట్టబోతుంటే ఆయన ఆగమన్నారు. లోపలి నుంచి తడిగుడ్డ తెప్పించి, కెమెరాను ఒళ్లో పెట్టుకుని, పసుపు మరక కూడా మిగలకుండా తుడిచారు. ఆ గుడ్డను దేవుడి గదిలోకి పంపారు. ఇంట్లోంచి బండి అమ్మినా, మిషను అమ్మినా బొట్టు తుడిచి ఇవ్వడం వాళ్ల ఆచారమట. బొట్టుతో ఇస్తే లక్ష్మి వెంట వెళ్లిపోతుందట. "వస్తువు మీది, అమ్మవారు మాది" అని నవ్వుతూ నా చేతికిచ్చారు. కొనేవాడికి అంత శుభ్రంగా తుడిచిన కెమెరా దొరకడం అరుదు. నేను సంతోషంగా తెచ్చాను.

వారం తిరక్కుండా దాన్ని సాంబయ్య గారు కొన్నారు.

గుండు మాత్రం బాగా వచ్చింది

సాంబయ్య గారు మోపిదేవి గుడి బయట యాత్రికులకు ఫోటోలు తీసే మనిషి. పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించడానికి, చెవులు కుట్టించడానికి వచ్చే కుటుంబాలే ఆయనకు ఆధారం. రేకుల పందిరి కింద నిలబెట్టి ఫోటో తీసి, అడ్రసు రాయించుకుని, రీలు పూర్తయ్యాక కడిగించి, ఫోటోలు పోస్టులో పంపేవారు. పదిహేనేళ్లుగా ఆ పందిరి కింద ఆయన చోటు అది. అప్పుడే అవనిగడ్డ నుంచి శ్రీను అనే కుర్రవాడు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు పెట్టుకుని పక్కనే చేరాడు. ఫోటో అక్కడికక్కడే చేతిలో పెడతాడు. సాంబయ్య గారి పాత కెమెరా గేర్లు అరిగిపోయాయి. డిజిటల్ కొనే స్తోమత లేదు. ఫోటో ఆలస్యంగా వచ్చినా చూడగానే బాగుందనిపించాలి, అదొక్కటే ఆయనకు మిగిలిన దారి. అందుకే గుడివాడ హస్తవాసి గురించి విని మరీ ఆ కెమెరా కోసం వచ్చారు. బొట్టు తుడిచి ఇచ్చిన ముచ్చట నేనే చెప్పాను.

నెల తర్వాత మళ్లీ వచ్చారు. అరవలేదు. ఫోటోల కట్ట బల్ల మీద పేర్చి నిలబడ్డారు. అన్నిట్లో పందిరి అవతలి ఎండ ధగధగలాడుతోంది, మనుషుల మొహాలు మసిబారి ఉన్నాయి. ఘంటసాల నుంచి వచ్చిన ఒక కుటుంబం ఫోటో తిప్పి పంపుతూ వెనక రాసిన మాట ఆయనే చదివి వినిపించారు.

"మావాడి గుండు మాత్రం బాగా వచ్చింది, మొహం ఏదండీ అని రాశారయ్యా. నేనేం చెప్పను వాళ్లకి?"

జలీల్ గారికి నవ్వు వచ్చింది గాని ఆపుకున్నారు. సాంబయ్య గారు కూర్చుని అసలు సంగతి చెప్పారు. వచ్చే నెలలో సుబ్రహ్మణ్య షష్ఠి. ఏడాదిలో సగం ఫోటోలు ఆ నాలుగు రోజుల్లోనే తీస్తారు. అప్పుడు కూడా ఇలాగే వస్తే వచ్చే ఏడు ఆయన పేరు అడిగేవాళ్లు ఉండరు. పందిరి కింద చోటు ఎవరూ రాసివ్వలేదు, జనం అడిగినంత కాలమే అది ఆయనది.

"ఆ పెద్దాయన లక్ష్మిని ఇంట్లో దాచుకుని ఒట్టి డబ్బా నాకిచ్చాడు. మీరేమో పట్టించుకోలేదు" అన్నారు.

జలీల్ గారు కెమెరా వెనక్కి తీసుకుంటానన్నారు. సాంబయ్య గారు తల అడ్డంగా తిప్పారు. వెనక్కి ఇస్తే షష్ఠికి ఏం పట్టుకుని నిలబడాలి? ఆయనకు కావలసింది కెమెరా పనిచేయడం. షష్ఠిలోపు కారణం కనిపెడతానని నేను మాటిచ్చాను. అంత తొందరగా మాట ఇవ్వకూడదని జలీల్ గారు తర్వాత విడిగా చెప్పారు.

మందపు నెగెటివ్‌లు, పల్చటి నెగెటివ్‌లు

రెండు రోజులు పరీక్షించాను. టీవీ ముందు పట్టీలు సరిగ్గా సన్నబడుతున్నాయి. లెన్సు శుభ్రం. లైట్ మీటరు, అంటే వెలుతురు కొలిచే భాగం, కొత్త కెమెరా పక్కన పెట్టి చూస్తే అణుమాత్రం తేడా లేకుండా కొలుస్తోంది. యంత్రం ప్రకారం ఏ లోపమూ లేదు. లోపం లేని యంత్రం చెడ్డ ఫోటోలు తీస్తోందంటే నా చదువుకు మింగుడుపడలేదు.

సాంబయ్య గారి నెగెటివ్‌లు తీసుకుని గుడివాడ వెళ్లాను. కృష్ణమూర్తి గారు అదే కెమెరాతో తీసిన పాత నెగెటివ్‌లు చూపించమని అడిగాను. రెండూ కిటికీ ముందు పక్కపక్కన పట్టుకున్నాను. సాంబయ్య గారివి పల్చగా ఉన్నాయి, కృష్ణమూర్తి గారివి మందంగా, నల్లగా ఉన్నాయి. నెగెటివ్ నల్లగా ఉందంటే దాని మీద వెలుతురు ఎక్కువ పడినట్టు. ఒకే కెమెరా, ఒకే రకం రీలు. ఒకచోట ఇన్నేళ్లూ వెలుతురు ఎక్కువ ఇచ్చింది, ఇంకోచోట ఇవ్వడం లేదు. వెలుతురు పెంచే మీట ఏదైనా వాడేవారా అని అడిగాను. ఏ మీటా ముట్టుకోలేదన్నారు. నొక్కడం తప్ప ఏమీ తెలియదన్నారు. పైగా ఆయన గోడు ఆయనకుంది. కొత్త డిజిటల్‌లో వసారా నీడలో మొహాలు నల్లబడుతున్నాయట. కెమెరా అమ్మడమే పొరపాటేమో, ఎంత తుడిచినా అమ్మవారు దానితోనే వెళ్లిపోయిందేమో అని ఆయన భార్య బెంగపడుతున్నారట.

అది శుక్రవారం. ఆయన మాట్లాడుతూనే డిజిటల్ కెమెరాకు బొట్టు పెట్టడానికి కూర్చున్నారు. ఉంగరం వేలితో తడి పసుపు తీసి, లెన్సుకు సరిగ్గా పైన, నడిమధ్యన అద్దారు. దాని మీద కుంకుమ.

"పాతదానికి కూడా అక్కడేనాండీ?" అని అడిగాను.

"మరి? బొట్టు నొసట పెట్టక ఇంకెక్కడ పెడతారు? దానికి నొసలు ఇంకా బాగుండేది. లెన్సుకు పైన చిన్న గుండ్రటి అద్దం ఉండేది చూడు, సరిగ్గా బొట్టుబిళ్లంత."

ఆ చిన్న గుండ్రటి అద్దమే వెలుతురు కొలిచే కన్ను.

ఆయన ప్రతి శుక్రవారం ఆ కన్ను మీద పసుపు రాసి కుంకుమ పెట్టారు. కన్ను మసకబారింది. ఎంత ఎండ ఉన్నా చీకటిగా ఉందనుకుని కెమెరా షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచేది. నీడలో నిలబడిన మనిషి వెనక ఎండ ఉంటే మామూలు కెమెరా ఆ ఎండను చూసి మోసపోయి మొహాన్ని నల్లగా తీస్తుంది. ఈ కెమెరా మోసపోలేదు, దాని కన్ను సగం మూసి ఉంది గనక. అమ్మే రోజున తుడిచేయడంతో కన్ను తెరుచుకుంది. తెరుచుకున్నాక మిగతా కెమెరాలన్నిటిలాగే తయారైంది.

ఇదంతా ఆయనకు చెప్పాను. చెబుతున్నప్పుడు భయం వేసింది. ఎన్నో ఏళ్ల పేరును ఒక మరక కింద తీసేస్తున్నానేమో అనిపించింది. ఆయన వేలికంటిన కుంకుమ చూసుకున్నారు.

"అయితే ఇన్నాళ్లూ ఫోటోలు తీసింది నేనా, అమ్మవారా?"

"బొట్టు పెట్టింది మీరేగా అండీ" అన్నాను.

ఆయన నవ్వారు. లోపలికి కేకేసి, అమ్మవారు ఎక్కడికీ పోలేదని భార్యకు చెప్పమని నాకే పురమాయించారు. డిజిటల్ కెమెరాలో కొలిచే కన్ను లోపలే ఉంటుంది, బొట్టు దానికి అందదు, అందుకని ప్లస్, మైనస్ గుర్తున్న మీట చూపించాను. నీడలో తీసేటప్పుడు ప్లస్ వైపు రెండు గళ్లు జరపమన్నాను. ఆయన భార్యను వసారాలో నిలబెట్టి ఒకటి తీసి చూసుకున్నారు. తర్వాత ఆ మీట మీద కూడా చిన్న పసుపు చుక్క పెట్టుకున్నారు, గుర్తుకట.

డయలు

మర్నాడు మోపిదేవి బస్సు ఎక్కాను. సాంబయ్య గారి కెమెరాకు బొట్టు పెట్టి ఇచ్చేస్తే పని అయిపోయేది. కాని బొట్టు చెమటకు చెరిగిపోవచ్చు, ఒకరోజు మందంగా, ఒకరోజు పల్చగా పడవచ్చు. అందుకని రీలు వేగం, అంటే అది వెలుతురును ఎంత తొందరగా అందుకుంటుందో ఆ అంకె, పెట్టే డయలు చూపించాను. వంద వేగం రీలు వేసినా డయలును పందిరి కింద ఇరవై అయిదు దగ్గర పెట్టమన్నాను. అలా పెడితే రీలు మందకొడిదనుకుని కెమెరా వెలుతురు ఎక్కువ ఇస్తుంది. బొట్టు చేసిన పని అదే. బయట ఎండలోకి వస్తే డయలును మళ్లీ వందకు తిప్పాలి.

"కెమెరాకి అబద్ధం చెప్పమంటావ్" అన్నారు సాంబయ్య గారు.

"దేవుడి దగ్గర కాబట్టి చిన్నదే చెబుదామండి" అన్నాను.

ఎందుకు తిప్పాలో ఆయన మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు. ఎదురుగా ఉన్న కొబ్బరికాయల కొట్టు ఆవిడను పందిరిలో ఒకసారి, బయట ఒకసారి నిలబెట్టి, ప్రతిసారీ డయలు ఎటో ఆయనే చెప్పారు. ఆవిడ విసుక్కుని బేరం పోతోందంది. ఆ రీలు అవనిగడ్డలో కడిగించాం. మొహాలు వచ్చాయి. ఆవిడ తన ఫోటో అడిగి తీసుకుంది.

ఒక మాట నిర్మొహమాటంగా రాయాలి. ఈ వృత్తిలో అందరూ తెల్లగా తీయమనే అడుగుతారు. జనానికి తెలుపు పిచ్చి అని నేను చాలాకాలం విసుక్కున్నాను. కొంత పిచ్చి ఉన్నమాట నిజమే. కాని తిరిగొచ్చిన ఆ ఫోటోల కట్ట చూశాక అర్థమైంది, అడిగేవాళ్లలో ఎక్కువమంది అడుగుతున్నది రంగు కాదు. తమ పిల్లవాడి మొహం తమకు కనిపించాలని. కొనేవాడు ఏ మాట వాడినా, దాని వెనక ఏం కావాలంటున్నాడో వినండి.

షష్ఠి

ఆ షష్ఠికి నేను కూడా వెళ్లాను, డయలు సంగతి మరిచిపోతారేమోనని. ఆయన మరవలేదు. రీలు మీద రీలు వేశారు, పందిరిలోకి, ఎండలోకి తిరుగుతున్నప్పుడల్లా వేలు తనంతట తనే డయలు మీదికి పోతోంది. ఆ ఫోటోలు పోస్టులో వెళ్లాయి, ఒక్కటీ తిరిగి రాలేదు.

పక్కన శ్రీను పరిస్థితి వేరుగా ఉంది. అతను ఫోటో అప్పటికప్పుడు ఇస్తున్నాడు, మొహం నల్లగా ఉందని జనం కూడా అప్పటికప్పుడే గొడవపడుతున్నారు. రెండోరోజు మధ్యాహ్నం వచ్చి మా పక్కన నిలబడ్డాడు.

"బాబాయ్, నీ డొక్కు కెమెరాలో వచ్చేది నా దాంట్లో ఎందుకు రాదు?" అన్నాడు.

సాంబయ్య గారు నా వైపు చూశారు. చెప్పాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. ఆ చోటు కోసమే కదా ఇంత తిరిగాం.

"కెమెరా ఇటు తే" అన్నారు ఆయన.

దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఇరవై అయిదూ వందా ఉన్న డయలు కోసం వెతికారు, కనబడలేదు. అప్పుడు మాత్రం నేను ప్లస్ గుర్తున్న మీట చూపించాను. అది ఎందుకో నేను చెప్పనక్కర్లేకపోయింది. వెనకున్న ఎండ, ముందున్న నీడ, మోసపోయే కన్ను, అన్నీ ఆయనే శ్రీనుకు చెప్పారు. చివర్లో, "తీయడం నేను తీస్తా, ప్రింటు నువ్వు తియ్యి. జనాన్ని చెరిసగం లాక్కోవడం ఎందుకు" అన్నారు. శ్రీను కాసేపు బేరమాడి ఒప్పుకున్నాడు.

అప్పుడే గుండు చేయించిన పిల్లవాణ్ణి ఎత్తుకుని ఒక కుటుంబం పందిరిలోకి వచ్చింది. సాంబయ్య గారు జన్మలో మొదటిసారి డిజిటల్ కెమెరాతో ఫోటోకు సిద్ధమయ్యారు. ప్లస్ వైపు రెండు గళ్లు జరిపారు, నొక్కారు. ప్రింటరులోంచి కాగితం మెల్లగా వచ్చింది. ఆయన దాన్ని ముందు తను చూసుకుని, పిల్లవాడి నాయనమ్మ చేతికిచ్చారు. ఆవిడ గుడ్డతో కళ్లజోడు తుడుచుకుని కాగితాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుంది.

"వీడికి వాళ్ల తాత ముక్కే వచ్చిందే" అంది.

కాదు, మా నాన్న ముక్కని పిల్లవాడి తల్లి అంది. ఇద్దరూ ఫోటో పట్టుకుని వాదించుకుంటూ గుడి వైపు నడిచారు. సాంబయ్య గారు తర్వాతి వాళ్లను పందిరి కిందికి రమ్మన్నారు.